అమ్మమ్మ అల్లిన లేసు

మా దేవాలయంలో ప్రతి ఆదివారం జరిగే తెలుగు తరగతిలో, గడచిన వసంతకాలంలో ఉపాధ్యాయురాలు పిల్లలకు ఒక పని అప్పగించారు. ఎవరి వంశవృక్షం వారు గీయాలి. ప్రతి పేరు కింద పుట్టిన ఊరు, చేసిన పని తెలుగులో రాయాలి. పద్నాలుగేళ్ల మా అమ్మాయి భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరచుకొని, నాలుగు తరాల పేర్లను గడులలో అందంగా అమర్చింది. మా తాతయ్య పేరు కింద ‘వ్యవసాయం’ అని రాసింది. మా నాన్నగారి పేరు కింద ‘ఉపాధ్యాయుడు’, నా భర్త పేరు కింద ‘ఇంజనీరు’ అని రాసింది. మా అమ్మమ్మ పేరు దగ్గరకు వచ్చేసరికి క్షణం ఆగి, ‘పని: లేదు’ అని రాసి కిందికి సాగింది.

అప్పటికి మా అమ్మ భీమవరం నుండి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆమె కళ్లజోడు సవరించుకొని ఆ రెండు మాటలూ చదివింది. ఏమీ అనలేదు. నేనే అడిగాను, “తాతమ్మకు పని లేదని నీకెవరు చెప్పారు?” అని.

“నువ్వే కదా అమ్మా! తాతమ్మ ఎప్పుడూ ఉద్యోగం చేయలేదని చెప్పావు.”

నిజమే, నేనే చెప్పాను. నాకు మా పెద్దలు చెప్పినట్లే చెప్పాను. ఆ కాగితం కింద, బల్ల మీద పరచి ఉన్న తెల్లని లేసు గుడ్డను అల్లింది మా అమ్మమ్మే. ఆ సంగతి అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ స్ఫురించలేదు.

ఆ గడిలో ఏమి రాసి ఉండవలసిందో చెప్పాలంటే, కథ కొంచెం వెనుక నుండి మొదలుపెట్టాలి.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురానికి దగ్గరి ఒక పల్లె. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత కాలువ నీళ్లు పారి మాగాణి అయిన సీమ అది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆడపిల్లల కోసం 1874లో బడి పెట్టిన ధవళేశ్వరం కూడా ఆ గోదావరి ఒడ్డునే ఉంది. అయితే నీళ్లు కాలువల వెంట ఊరూరికీ చేరినంత త్వరగా చదువు చేరలేదు.

అమ్మమ్మ తల్లి 1922లో పుట్టింది. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండనిదే పెళ్లి చేయరాదన్న ఆ చట్టం 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోకి రావలసి ఉంది. ఆ తేదీ రాకముందే పెళ్లి చేసేయాలని దేశమంతటా ఎంతోమంది తొందరపడ్డారు. మా వాళ్లూ తొందరపడ్డారు. ఎనిమిదేళ్ల పిల్లను పీటల మీద కూర్చోబెట్టారు. బాల్యవివాహాన్ని ఆపడానికి వచ్చిన చట్టం మా ఇంట్లో ముందుగా చేసిన పని ఒక బాల్యవివాహాన్ని తొందరపెట్టడం. ముసలితనంలో కూడా ఆవిడ ఆ పెళ్లిని గుర్తుచేసుకుంటే చెప్పేది ఒక్కటే: పందిట్లో నిద్రపోతుంటే ఎవరో ఎత్తుకొని తీసుకువెళ్లారని.

అమ్మమ్మ 1939లో పుట్టింది. ఊళ్లో ఉన్న బడి అయిదో తరగతి వరకే. ఆపైన చదవాలంటే కాలువ గట్టు వెంట పొరుగూరికి నడవాలి. మగపిల్లలు నడిచారు. అమ్మమ్మకు చదువు ఆపి, చేతికి లేసు సూది ఇచ్చారు. అప్పుడు ఆమెకు పదేళ్లు.

ఈ లేసు సంగతి మన పిల్లలకు తెలియదు కనుక కొంచెం వివరిస్తాను. కొక్కెం ఉన్న చిన్న సూదితో నూలు దారాన్ని ముడులు ముడులుగా అల్లి పువ్వులు, చక్రాలు, అంచులు తీర్చే అల్లిక ఇది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి సీమకు వచ్చింది. మొదట దీనిని నేర్చుకున్నవారు పేద క్రైస్తవ కుటుంబాల స్త్రీలు. తరువాత, ఆడవారు పొలానికి వెళ్లడం పరువు తక్కువగా భావించే రైతు కుటుంబాలలోకి కూడా ప్రవేశించింది. ఇల్లు కదలకుండా, గడప దాటకుండా, నాలుగు రాళ్లు సంపాదించే ఉపాయం కావడమే అందుకు కారణం. పువ్వులు అల్లడాన్ని చేతిపని అనీ, విడివిడి పువ్వులను కలిపి గుడ్డగా తయారు చేయడాన్ని అతుకుపని అనీ అనేవారు. ఒకరు అల్లిన పువ్వును మరొక ఇంట్లో వేరొకరు అతికేవారు. తయారైన సరుకు నరసాపురం, పాలకొల్లు వర్తకుల ద్వారా ఐరోపాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్లేది. 1970 దశకంలో ఎగుమతులు బాగా పెరిగాయి.

అమ్మమ్మ దినచర్య అమ్మ నోట ఎన్నోసార్లు విన్నాను. కోడి కూయకముందే లేచి వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసేది. పాడి, పిడకలు, పొయ్యి, ఇంటిల్లిపాదికీ వంట, పొలానికి క్యారేజీ. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించిన తరువాత వీధి అరుగు వెనుక చావడిలో గోడకు ఆనుకొని సూది చేతపట్టేది. దీపాలు పెట్టే వేళకు లేచి మళ్లీ వంట. అందరూ పడుకున్నాక మళ్లీ సూది. కంటిచూపు తగ్గేదాకా అదే వరస.

ఆమె గడప దాటేది కాదు కనుక, దారం ఇంటికి తెచ్చి ఇచ్చి, అల్లిన సరుకు వర్తకుడి దగ్గరకు తీసుకువెళ్లి, డబ్బు తెచ్చి చేతిలో పెట్టే మనిషి ఒకరు కావాలి. ఊరి చివర పేట నుండి ఒకామె వచ్చేది. అమ్మమ్మకు లేసు నేర్పినదీ ఆమె తల్లే. ఆమె నరసాపురం దాకా నడిచి వెళ్లి వచ్చేది. తనూ అల్లేది, ఊడ్పుల కాలంలో నాట్లకూ వెళ్లేది. ఆ నడకే లేకపోతే అమ్మమ్మ అల్లిక చావడిలోనే ఉండిపోయేది. ఆమె గురించి మళ్లీ చెబుతాను.

తాతయ్య దృష్టిలో లేసు ఒక కాలక్షేపం. ఇల్లు నడిపేది వ్యవసాయం. అందువల్ల లేసు డబ్బుకు లెక్క లేదు, పత్రం లేదు. అది పోపులపెట్టెలో ఆవాల గిన్నె కిందికి చేరేది. మెంతుల గిన్నె కింద కొంత, జీలకర్ర గిన్నె కింద కొంత. మా అమ్మ పదవ తరగతి పూర్తి చేసి, ఆ తరువాత ఏలూరులో ఆడపిల్లల కళాశాలలో చేరతానన్నప్పుడు, తాతయ్య ఒప్పుకోలేదు. ఆడపిల్లకు హాస్టలు ఏమిటి, ఆ డబ్బుతో రేపు కట్నానికి కొంత సమకూరుతుంది కదా అన్నారు. అమ్మమ్మ ఆ రోజు ఆయనకు అన్నం వడ్డిస్తూ, “ఫీజు సంగతి మీరు చూడనక్కరలేదు,” అన్నదట. ఆ డబ్బు ఎక్కడిదని తాతయ్య అడగలేదు. అడిగి ఉంటే, ఇన్నేళ్లుగా ఆమె చేసినది పని అని ఒప్పుకోవలసి వచ్చేది.

అలా అమ్మ 1975లో ఏలూరు వెళ్లింది. పట్టా చేతికి వచ్చేనాటికి దేశంలో మరొక మార్పు జరిగి ఉంది. 1969 జులై 19న ప్రభుత్వం 14 బ్యాంకులను జాతీయం చేసింది. ఆ తరువాతి సంవత్సరాలలో పల్లెలకు, చిన్న పట్టణాలకు శాఖలు విస్తరించాయి. శాఖలు పెరిగితే గుమస్తాలు కావాలి. రాతపరీక్ష రాసి, మార్కులతో నెగ్గితే ఉద్యోగం. సిఫారసు చేయగల బంధువు లేని రైతు ఇంటి ఆడపిల్లకు కూడా అందే దారి అది. 1980లో అమ్మ ఆ దారిన వెళ్లి ఒక శాఖలో గుమస్తాగా చేరింది.

చేరిన కొన్ని నెలలకు, అమ్మ చేసిన మొదటి సొంత నిర్ణయం అమ్మమ్మ పేర పొదుపు ఖాతా తెరవడం. దరఖాస్తు మీద సంతకం చేయమంటే అమ్మమ్మ చాలాసేపు కలం పట్టుకొని కూర్చున్నదట. అయిదో తరగతి దాకా చదివినదే, అక్షరాలు మరచిపోలేదు. కానీ పెళ్లి తరువాత తన పేరు తాను రాయవలసిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. శుభలేఖ తరువాత ఆమె పేరు అచ్చులో కనిపించిన కాగితం ఆ పాసుపుస్తకమే. ఆ రోజు పోపులపెట్టెలోని నోట్లన్నీ బ్యాంకుకు చేరాయి. కొన్నింటికి మెంతుల వాసన పోలేదని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఇక్కడితో అంతా చక్కబడిందని చెబితే అబద్ధం అవుతుంది. 1982లో అమ్మకు పెళ్లి అయింది. ఉద్యోగం ఉన్నా కట్నం తప్పలేదు. కట్నాన్ని నిషేధించే చట్టం వచ్చి అప్పటికే 21 ఏళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లి అయినవారికి అది వర్తించదు. మూడేళ్ల తేడాతో అమ్మకు ఆ తలుపు మూసుకుపోయింది. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి ఆ తేడా తొలగించేనాటికి, అన్నదమ్ములతో పేచీ పెట్టుకొని పుట్టింటి గుమ్మం పోగొట్టుకోవడం అమ్మకు ఇష్టం లేకపోయింది. చట్టం హక్కు ఇవ్వగలదు. ఆ హక్కు అడిగిన తరువాత పండుగకు పిలుపు వస్తుందో లేదో చట్టం చెప్పలేదు.

నేను 1984లో పుట్టాను. ప్రసూతి సెలవు అప్పటి చట్టం ప్రకారం 12 వారాలు. దానిని 26 వారాలకు పెంచినది 2017లో. పన్నెండు వారాలు కాగానే అమ్మ కౌంటరు వెనుక కూర్చోక తప్పలేదు. మరి నన్ను ఎవరు చూశారు? అమ్మమ్మ. జీవితమంతా గడప దాటని మనిషి, కూతురి ఉద్యోగం నిలబడడానికి పల్లె వదలి భీమవరంలో అద్దె ఇంటికి వచ్చింది. వస్తూ లేసు సూది కూడా తెచ్చుకుంది. నా చిన్నతనపు జ్ఞాపకాలన్నింటిలో ఆమె చేతిలో ఆ సూది ఉంది, ఒడిలో నేను ఉన్నాను.

నేను ఇంజనీరింగు చదివాను. మా కాలానికి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు విరివిగా వచ్చాయి, ఆడపిల్ల అందులో చదవడం విశేషం కాదు. కొంతకాలం హైదరాబాదులో ఉద్యోగం కూడా చేశాను. 2009లో పెళ్లి చేసుకొని, భర్తతో న్యూజెర్సీ వచ్చాను. నా వీసా హెచ్-4. ‘ఆధారపడిన వ్యక్తి’ అని దాని అర్థం. ఉద్యోగం చేయకూడదు, చేయగోరినా అనుమతి లేదు. అయిదో తరగతి చదివిన అమ్మమ్మకు సొంత పాసుపుస్తకం ఉంది. ఇంజనీరింగు చదివిన నాకు సొంత సంపాదన ఒక్క డాలరు లేదు. నా భర్త మంచివారు, ఏనాడూ డబ్బుకు లెక్క అడగలేదు. అయినా ఆయన పుట్టినరోజుకు ఆయన డబ్బుతోనే కానుక కొనవలసి వచ్చినప్పుడు నా మనసులో కలిగిన చిన్నతనాన్ని ఈ పుటలు చదివే అక్కచెల్లెళ్లలో చాలామంది ఎరుగుదురు.

ఆ ఏళ్లలో నాకు దిక్కు మా ఊరి గ్రంథాలయం. పసిపిల్లను తోపుడు బండిలో కూర్చోబెట్టుకొని రోజూ వెళ్లేదాన్ని. 2012లో ఒకనాడు గోదావరి జిల్లాల గురించి వెదుకుతుంటే, నరసాపురం లేసు అల్లేవారి మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసిన ఆంగ్ల గ్రంథం ఒకటి ఉన్నదని తెలిసింది. వేరే గ్రంథాలయం నుండి తెప్పించారు. 1970 దశకం చివర ఆమె మా ప్రాంతానికి వచ్చి, అల్లే స్త్రీలతో మాట్లాడి, 1982లో ప్రచురించిన పుస్తకం అది. అందరూ గృహిణులని పిలిచే ఆ స్త్రీలు రోజుకు ఎన్ని గంటలు అల్లుతారో, ప్రపంచ విపణికి వెళ్లే సరుకు తయారు చేస్తున్నా అది తీరిక వేళల కాలక్షేపంగానే ఎందుకు లెక్కకు వస్తుందో, లాభం ఎవరికి చేరుతుందో అందులో వివరించింది. చేతిపని, అతుకుపని అన్న మా ఇంటి మాటలు ఆంగ్ల అక్షరాలలో కనిపించేసరికి నాకు కళ్లు చెమర్చాయి.

ఆ రాత్రే అమ్మమ్మకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారుతోంది.

“అమ్మమ్మా, మీ లేసు గురించి పుస్తకం రాశారు తెలుసా!”

ఆమె నవ్వింది. “లేసు గురించా? దాని గురించి రాయడానికేముందే! ఏదో ఊసుపోక అల్లుకొనేవాళ్లం.”

“రోజుకు ఎన్ని గంటలు అల్లేదానివి?”

లెక్క వేసింది. మధ్యాహ్నం ఇన్ని, రాత్రి ఇన్ని. పెళ్లిళ్ల సీజనులో తక్కువ, వర్తకుడు తొందరపెడితే ఎక్కువ. మొత్తం మీద ఏడు గంటలకు తగ్గదని తేలింది.

“ఏడు గంటలు ఊసుపోకనా అమ్మమ్మా?”

అవతల కొంతసేపు మాట లేదు. ఫోను పోయిందనుకున్నాను. చివరకు మెల్లగా అన్నది: “పనేనే తల్లీ. కాకపోతే పని అని ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు.”

మరుసటి సంవత్సరం ఆమె వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే, ఆ జవాబు నాకు దక్కేది కాదు. దక్కిన జవాబును నా కూతురికి చెప్పకపోవడం మాత్రం నా తప్పు.

2015 మే 26 నుండి హెచ్-4 వీసా మీద ఉన్నవారిలో కొందరికి, అంటే భర్తకో భార్యకో శాశ్వత నివాస ప్రక్రియ ఒక దశ దాటినవారికి, ఉద్యోగం చేసే అనుమతి ఇవ్వడం మొదలైంది. నాకూ ఆ కార్డు వచ్చింది. 2016లో మా అబ్బాయి పుట్టాడు. ఆ ఏడాది చివర నాకు ఉద్యోగం దొరికింది. ఏడేళ్ల విరామం తరువాత ఎవరో నమ్మి ఇచ్చిన ఉద్యోగం. పసివాడికి పది నెలలు. ఇక్కడ శిశుసంరక్షణ కేంద్రానికి ఇచ్చే డబ్బు నా జీతంలో ఎక్కువ భాగం తినేస్తుంది. అమ్మకు ఫోను చేసి ఏడ్చాను. “నేను వస్తాను, నువ్వు చేరు,” అన్నది. వచ్చింది. ఆరు నెలలు అమ్మ, ఆ తరువాత ఆరు నెలలు మా అత్తగారు, మళ్లీ అమ్మ. మన ఇళ్లలో ఎన్నింటిలో ఈ వంతులు నడిచాయో, విమానాశ్రయంలో చక్రాల కుర్చీలలో వచ్చే ఆ తల్లులను చూస్తే తెలుస్తుంది.

ఆ తరువాతి సంగతి నాకు తెలుసు, కానీ బయటికి అనలేదు. వంశవృక్షం గీస్తూ మా అమ్మాయి దానిని బల్ల మీదికి తెచ్చింది.

మా అమ్మ పేరు కింద ‘బ్యాంకు మేనేజరు’ అని రాసి, “ఎప్పటి నుండి ఎప్పటి వరకు అమ్మమ్మా?” అని అడిగింది.

“మేనేజరుగా 2014 నుండి 2016 వరకు.”

అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. “నువ్వు 1958లో పుట్టావు. ఇండియాలో రిటైర్మెంటు అరవై ఏళ్లకు అన్నావు. అంటే 2018 కదా?”

అమ్మ నా వైపు చూడలేదు. “తమ్ముడిని ఎత్తుకోవాలిగా మరి,” అన్నది.

ముప్పై నాలుగేళ్లు గుమస్తాగా, అధికారిగా పనిచేసిన తరువాత ఆమెకు సొంత శాఖ దక్కింది. ఆ కుర్చీలో రెండేళ్లు కూర్చుంది. మిగిలిన రెండేళ్లు వదులుకొని స్వచ్ఛంద విరమణ తీసుకుంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజున ఆమె ఉద్యోగం పోయింది. నేను ఆ రోజు కావాలని అడగలేదు, కానీ తీసుకున్నాను. “బాధపడ్డావా అమ్మా?” అని తొమ్మిదేళ్ల తరువాత, నా కూతురి ముందు, మొదటిసారి అడిగాను. “పడ్డాను,” అన్నది అమ్మ. “మా అమ్మ నాకోసం వచ్చినప్పుడు లేసు సూది వెంట తెచ్చుకుంది. నేను నా కుర్చీ తెచ్చుకోలేను కదా!” ఆ మాట అన్న తరువాత మళ్లీ తనే, “అయినా ఇంకోసారి అడిగినా వస్తాను,” అన్నది. రెండు మాటలూ నిజమే. ఒకదానిని వినిపించుకొని రెండవదానిని మరచిపోవడం మన అలవాటు.

అప్పుడే మా అమ్మాయికి తెలుగు తరగతిలో చాలా రోజులుగా ఉన్న ఒక సందేహం గుర్తుకు వచ్చింది. “తాతయ్య వచ్చారు, నాన్నగారు వచ్చారు అంటాం. అమ్మమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది అంటాం. ఎందుకు?” నేను అందరూ చెప్పే సమాధానమే చెప్పాను: అది చనువు, ప్రేమ. అమ్మ దానికి ఇంకొంచెం చేర్చింది. “బ్యాంకులో ‘మేడమ్ వచ్చారు’ అనేవారు. ఇంట్లో ‘అమ్మ వచ్చింది’ అనేవారు. నాకు రెండూ కావలసినవే. రెండవది మాత్రమే ఉన్న మా అమ్మకు మొదటిది ఎలా ఉంటుందో తెలియదు.” కాసేపాగి ఇంకో మాట అన్నది. “దారం తెచ్చే ఆమెను కూడా మేము ‘వచ్చింది’ అనే అనేవాళ్లం. అమ్మమ్మకంటే ఆమె పెద్దది. అమ్మమ్మను ఆమె ‘అండీ’ అనేది. అది చనువు కాదు.”

ఆ దారం తెచ్చే ఆమెకు ఒక కూతురు ఉండేది. మా అమ్మ ఈడుదే. ఇద్దరూ అయిదో తరగతి దాకా ఒకే బడిలో చదివారు. “లెక్కల్లో నాకంటే ముందుండేది,” అంటుంది అమ్మ. ఆ తరువాత ఆ పిల్ల చదువు ఆగింది. పెద్ద పిల్ల ఇంట్లో ఉండి చిన్నవాళ్లను చూసుకుంటేనే, తల్లి నాట్లకూ నరసాపురానికీ వెళ్లగలిగేది. మా అమ్మమ్మ సరుకు వర్తకుడికి చేరింది, మా అమ్మ ఫీజు కట్టబడింది. ఆ ఫీజులో ఆ పిల్ల బడి కూడా ఉంది.

1980 దశకంలో ఆమె మా జిల్లా నుండి వెళ్లిన ఎందరో స్త్రీలలాగే ఇంటిపనికి కువైట్ వెళ్లింది. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చారు. వారిలో ఆమె ఒకరు. కట్టుబట్టలతో వచ్చి, యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లింది. ఆ డబ్బుతో పేటలో డాబా కట్టింది, కూతురిని నర్సింగు చదివించింది. నేనూ ఆమే విదేశం వెళ్లాము. నా వీసా పని చేయవద్దన్నది. ఆమె వీసా పని తప్ప మరేమీ వద్దన్నది, పిల్లలను కూడా వెంట తెచ్చుకోనివ్వలేదు. ఆమె పిల్లలను పెంచింది ఎవరు? దారం తెచ్చిన ఆ తల్లే.

చదువు, బ్యాంకు, చట్టం, వీసా. మన స్త్రీల జీవితాలను మార్చినవి ఇవేనని మనం చెప్పుకుంటాం. అది సబబే, ఇవి లేకపోతే తలుపే లేదు. కానీ మా ఇంట్లో తలుపు తెరుచుకున్న ప్రతిసారీ, లోపల మిగిలిపోయిన పనిని మరొక స్త్రీ తన చేతులలోకి తీసుకుంది. పని తగ్గలేదు, చేతులు మారింది. చట్టాల తేదీలు పుస్తకాలలో దొరుకుతాయి. ఆ చేతుల పేర్లు ఇంట్లోవారు చెబితేనే తెలుస్తాయి.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరు ఆ లేసు మీద శాశ్వతంగా నిలుస్తుంది. సంతోషమే. అల్లినవారి పేర్లు ఎక్కించే పని మాత్రం మనదే.

“దారం తెచ్చే తాతమ్మ పేరేమిటి?” అని మా అమ్మాయి అడిగింది. అమ్మకు వెంటనే గుర్తుకు రాలేదు. ఇంట్లో ఎప్పుడూ ఆమెను పేరుతో చెప్పుకోలేదు. పొద్దున ఊరికి ఫోను చేసి, వారిని వీరిని అడిగి, కువైట్ నుండి తిరిగి వచ్చి పేటలోనే ఉంటున్న చిన్ననాటి స్నేహితురాలితో మాట్లాడింది. అయిదో తరగతి తరువాత వారిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. ‘నువ్వు’ అంటే ‘నువ్వు’ అనుకున్నారు. ఫోను పెట్టేశాక అమ్మ ఆ పేరు చెప్పింది.

మా అమ్మాయి ‘పని: లేదు’ అన్నది కొట్టివేసి, ‘పని: లేసు అల్లిక, 60 సంవత్సరాలు’ అని రాసింది. అల్లికలో ‘ల’ ఒత్తు మరచిపోతే వాళ్ల అమ్మమ్మ దిద్దింది. ఆ కొత్త పేరును ఎక్కడ రాయాలో మా అమ్మాయికి తోచలేదు. ఆమె మన చుట్టం కాదు కదా, చెట్టులో కొమ్మ లేదు. చివరకు కాగితం అంచున ఒక గడి గీసి, పేరు రాసి, పని అన్నచోట ‘లేసు, నాట్లు, నరసాపురం నడక’ అని వేసి, అక్కడి నుండి మా అమ్మమ్మ గడి దాకా సన్నని గీత ఒకటి గీసింది. “ఇది దారం,” అన్నది.

ఈ వేసవిలో మీ ఇళ్లకు అమ్మమ్మలు, నాయనమ్మలు వస్తారు. పిల్లల చేత ఒక కాగితం, కలం పట్టించండి. ‘నువ్వు ఉద్యోగం చేశావా’ అని అడిగించకండి, లేదని చెప్పేస్తారు. పొద్దున లేచింది మొదలు పడుకొనేదాకా ఏమేమి చేసేదానివి, సంపాదించిన డబ్బు ఎక్కడ దాచుకొనేదానివి, నీకు ఎవరు సాయం చేశారు అని అడిగించండి. వారు ఏమీ లేదని నవ్వుతారు. అప్పుడు గంటలు లెక్కపెట్టమనండి.